మధుపర్కాలకి అపాయింట్‌మెంట్

మా షోరూములో చీరలు మరీ ఎక్కువైపోయాయన్న సంగతి హైదరాబాదు వెళ్ళేదాకా నాకు తెలియదు.

కాకినాడ మెయిన్‌రోడ్డులో తూర్పుతీర చేనేత సంస్థ వారి షోరూముకి నేను మేనేజర్ని. పేరు చిట్టూరి నాగభూషణం. గోడల పొడుగునా బీరువాలు, బీరువాల నిండా చీరలు, నేల మీద తెల్లదుప్పటి పరిచిన పరుపు, పరుపు మీద మా సేల్స్‌మన్ వీర్రాజు. ఇదీ మా సరంజామా. వీర్రాజు కొంగు పట్టుకుని విసిరితే చీర గాలిలో విచ్చుకుని సరిగ్గా కొనేవాళ్ళ మోకాళ్ళ దగ్గరకి వచ్చి పడేది. వాళ్ళు అంచు నలిపి చూసి, పక్కావిడ ముఖం చూసి, "బాగానే ఉందండి, ఇంకోటి చూపించండి" అనేవాళ్ళు. చీరల వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీద నడుస్తుంది. ఆ మాట అనకుండా చీర కొన్న ఆడమనిషిని నా సర్వీసులో చూడలేదు. ఎవరైనా అలా కొంటే ఒంట్లో బాగాలేదేమోనని మంచినీళ్ళిచ్చేవాణ్ణి.

మధుపర్కాల సంగతి మాత్రం వేరు. పీటల మీద వధూవరులు కట్టుకునే బట్టలు గనక వాటిలో ఏరుకోవడాలు ఉండవు. పెద్దాపురం మంగతాయారుగారు తన కూతురి పెళ్ళికి కావలసిన మధుపర్కాల గురించి మా దగ్గరకి వచ్చింది. ఆవిడ అన్నగారు సూర్యచంద్రం పక్కూరి సంఘంలో మగ్గం నేస్తాడు. మేనకోడలి మధుపర్కాలు తనే నేస్తానని మాటిచ్చి, నేశాడు కూడా. చీర ఒకటి, పంచె ఒకటి, రెండూ పాలమీగడ రంగు, సన్నటి ఎర్రంచు. అయితే సంఘంలో నేసిన ప్రతి గజమూ మా సంస్థకే అప్పగించాలని నిబంధన ఉంది. సొంత చెల్లెలి చేతికిచ్చినా అది దొంగసరుకే అవుతుంది. అందుకని ఆయన వాటిని సంఘానికిచ్చాడు, సంఘం మాకు పంపింది, ఇక ఆవిడ మా దగ్గర కొనుక్కోవాలి.

కొత్తబట్టలు దశమి శుక్రవారం నాడే ఇంటికి తెచ్చుకోమని పంతులుగారు చెప్పారట. అప్పటిదాకా జాగ్రత్తగా అట్టేపెట్టమని ఆవిడ నన్ను అడిగింది.

"పీటల మీద నా పిల్ల కట్టుకోవాల్సినవి అయ్యేనండి. మేనమామ చేత్తో నేసినవి. మీరే జాగర్తగా చూడాలండి మరి" అంది.

నా ప్రాణం పెట్టి చూస్తానన్నాను. అన్న మాట ప్రకారం నా గదిలో బీరువా అడుగు అరలో పెట్టి తాళం వేశాను కూడా.

సరిగ్గా అప్పుడే మా సంస్థకి నిరంజన్‌గారు ఎండీగా వచ్చారు. అంతకుముందు ఆయన గనుల శాఖలో పనిచేశారు. అక్కడ ఉన్నదంతా తవ్వి తీసేయడం అలవాటైంది కాబోలు, ఛార్జి తీసుకున్న రోజే మా సంస్థలో తీసేయవలసినవి ఏమున్నాయని అడిగారట. ప్రపంచంలో వస్త్రవ్యాపారం ఎక్కడికి పోయిందో మేనేజర్లు కళ్ళారా చూడాలని అధ్యయన యాత్ర ఒకటి వేశారు. తెలివైన మేనేజర్లందరికీ ఆ వారం జ్వరాలొచ్చాయి. సెలవు మంజూరు కోసం హెడ్డాఫీసుకి వెళ్ళి నేను దొరికిపోయాను.

ఆయన నన్ను హైదరాబాదులో బంజారాహిల్స్‌లో ఒక బట్టల దుకాణానికి తీసుకెళ్ళారు. దానికి బోర్డు లేదు. తెలిసినవాళ్ళకి బోర్డు అక్కర్లేదని, తెలియనివాళ్ళు రానక్కర్లేదని గుమ్మం దగ్గర కాపలాదారు వివరించాడు. లోపల హాలు మా షోరూమంత ఉంది, మా గోడౌనూ వీధి అరుగూ కూడా కలుపుకుంటే. గోడలు తెలుపు, నేల తెలుపు, పైన దీపాలెక్కడున్నాయో తెలియకుండా వెలుతురు. ఆ చివర ఒక ఇనపకడ్డీ, దానికి మూడు బట్టలు. మూడూ బియ్యం కడుగునీళ్ళ రంగే. దుకాణం ఖాళీ చేస్తున్నారేమోనని జాలిపడ్డాను.

ఒక అమ్మాయి అడుగుల చప్పుడు లేకుండా వచ్చి, ఆస్పత్రిలో మాట్లాడినట్టు మెల్లగా, ఏం చూస్తారని అడిగింది. కాళ్ళు లాగుతున్నాయని నేను పక్కనున్న చెక్కదిమ్మ మీద కూర్చున్నాను. అది కూర్చోవడానికి కాదని, అనుభూతి చెందడానికని ఆ అమ్మాయి చెప్పింది. లేచి నిలబడి అనుభూతి చెందాను. తర్వాత ఆవిడ ఒక చొక్కా తీసి రెండు చేతుల మీద పెట్టి చూపించింది. దానికి కాలరు లేదు, గుండీలు లేవు, జేబు కూడా లేదు. పెన్ను ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే, ఈ చొక్కా తొడుక్కునేవారికి పెన్నుతో పని ఉండదంది.

అలవాటు చొప్పున నేను, "బాగానే ఉందమ్మా, ఇంకోటి చూపించు" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను కోప్పడలేదు. ఇంకోటి అనే కోరిక దగ్గరే మనిషి దుఃఖం మొదలవుతుందని చెప్పి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మా షోరూములో నేనిచ్చే మంచినీళ్ళు గుర్తొచ్చాయి. ఎండీగారు ధర అడిగితే మడతపెట్టిన చిన్న కాగితం ఇచ్చారు. ఆయన విప్పి చూసి, మళ్ళీ మడిచి, తీర్థం పుచ్చుకున్నవాడిలా కళ్ళు మూసుకున్నారు.

బయటికి వచ్చాక ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "చూశారా నాగభూషణంగారూ, వాళ్ళు బట్టలు అమ్మడం లేదు. బట్టలు లేకపోవడాన్ని అమ్ముతున్నారు. మన దగ్గర లేనిదల్లా ఆ లేకపోవడమే" అన్నారు.

నేను కాకినాడ చేరేసరికి సర్క్యులరు నాకంటే ముందే చేరింది. "వస్త్రసముదాయము వినియోగదారుని చిత్తమునకు భారము. భారమును తొలగించుటయే సేవ. కావున వినియోగదారుని దృష్టిపథమున ఏకకాలమున ఒకటికి మించిన వస్త్రము కనబడరాదు. మడత విప్పరాదు. కొంగు విసరరాదు." వీర్రాజుకి చదివి వినిపించాను. వాడు చేతులు వెనక్కి కట్టుకుని, మరి ఇకనుంచి తన ఉద్యోగం ఏమిటని అడిగాడు. నిలబడటమని సర్క్యులరు చివర రాసుంది.

నా గదిలో బీరువా, మచ్చుకి అట్టేపెట్టిన కొన్ని చీరలు తప్ప, లారీ వచ్చి బీరువాలతో సహా సరుకంతా హెడ్డాఫీసు గోడౌనుకి ఎత్తుకుపోయింది. పరుపు వేలం వేస్తే ఇంకెవరూ పాడకపోవడంతో వీర్రాజే పాడుకుని ఇంటికి తీసుకుపోయాడు. గోడలకి తెల్లసున్నం పడింది. ఇక ఆ ఒక్క వస్త్రం ఏదో తేల్చడానికి ఎండీగారు స్వయంగా వచ్చారు. ఉప్పాడ చీర చూపిస్తే అరుస్తోందన్నారు. నీలం నేత చీర చూపిస్తే వాదిస్తోందన్నారు. అలా అన్నింటినీ తిట్టుకుంటూ నా గదిలోకి వచ్చి బీరువా అడుగు అర తెరిపించారు.

మధుపర్కాలు చూడగానే ఆయన తిట్టడం మానేసి, వాటిని రెండు చేతుల మీదికీ తీసుకున్నారు. రంగు లేని రంగు, పువ్వు లేదు, బుటా లేదు, సన్నటి అంచు తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్ళూ తను వెతుకుతున్నది ఈ అడుగు అరలో పడి ఉందా అని నా భుజం తట్టారు. అవి ఒక పెళ్ళి కోసం అట్టేపెట్టినవని, ఫలానా తేదీకి ఇచ్చేయాలని విన్నవించుకున్నాను. ఆ పెళ్ళికూతురి మేనమామ స్వయంగా నేశాడని కూడా చెప్పాను. మేనమామ నేశాడా, అయితే కథ కూడా ఉందన్నమాట అని ఆయన ఇంకా సంతోషించారు. చీర మాత్రం హాలు మధ్యన కొత్తగా వేయించిన కడ్డీకి వేలాడింది.

పంచె మిగిలింది. రెండు కనబడకూడదు గనక దానికి వేరే పని దొరికింది. మా గోడకి మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి ఉంది. చట్టప్రకారం అది తీయడానికి వీల్లేదు. దానికి తెల్లరంగు వేసుకోవచ్చా అని ఎండీగారు అగ్నిమాపక శాఖకి రాశారు. అందరికీ కనబడటం కోసమే అది ఎర్రగా ఉంటుందని వాళ్ళు జవాబిచ్చారు. కనబడటమే మా అభ్యంతరమని ఈయన తిరిగి రాశారు. ఉత్తరాలు నడుస్తుండగా పంచెని ఎర్రంచు లోపలికి మడిచి సిలిండరుకి చుట్టేశారు. దూరం నుంచి చూస్తే ఎవరో పెద్దమనిషి గోడవైపు తిరిగి నిలబడ్డట్టుండేది.

తర్వాత పని కొనేవాళ్ళ మీద పడింది. వాళ్ళు రకరకాల రంగుల చీరలు కట్టుకుని లోపలికి వస్తున్నారని, దీనితో శ్రమంతా వృథా అవుతోందని హెడ్డాఫీసు బాధపడింది. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్ళనే రానివ్వమన్నారు. ఆ వచ్చేవాళ్ళు కూడా చిలకపచ్చ, రాణీరంగు వగైరాలు కట్టుకుని ఉంటే అరుగు మీంచే చూసి వెళ్ళాలన్నారు. బోర్డు తీసేశారు. పోస్ట్‌మాన్ వచ్చి చూసి, కంపెనీ ఎత్తివేశారని రాసి ఉత్తరాలు వెనక్కి పంపడం మొదలుపెట్టాడు. కనుక ఆ తర్వాతి సర్క్యులర్లు కొన్ని మాకు అందలేదు. ఆ కొద్దిరోజులూ ప్రశాంతంగా గడిచాయి.

వీర్రాజుకి కూడా కడుగునీళ్ళ రంగు చొక్కా ఇచ్చి, గోడ పక్కన కదలకుండా ఉండమన్నారు. ఎవరో రిటైరైన మేష్టారు పొరపాటున లోపలికి వచ్చి, వాడి చొక్కా అంచు నలిపి చూసి, బొమ్మకి వేసింది కాక లోపల ఇంకో సైజు ఉందా అని నన్నడిగారు. బొమ్మ తుమ్మింది. ఆయన మళ్ళీ రాలేదు. నెలాఖరు నివేదికలో అమ్మకాల వివరం పంపితే, ఆ గడి ఎప్పుడో తీసేశామని, దాని స్థానంలో నిశ్శబ్దం ఎంత ఉందో రాయమని జవాబొచ్చింది. 'సంతృప్తికరం' అని రాశాను. అది అబద్ధం కాదు.

దశమి శుక్రవారం రానే వచ్చింది. మంగతాయారుగారు ఎర్రచీర కట్టుకుని వచ్చింది గనక అరుగు మీద ఆగాల్సింది. ఆవిడకి ఆ సంగతి తెలియక నేరుగా లోపలికి వచ్చేసి, చుట్టూ చూసింది.

"ఇదేంటండి బాబూ, కొట్టెత్తేశారా?" అంది.

లేదమ్మా, అభివృద్ధి చేశామని చెప్పాను. కడ్డీకి వేలాడుతున్న చీర చూసి ఆవిడ దగ్గరకి వెళ్ళి అంచు పట్టుకుంది. ఇది మా అన్నయ్య పనేనని ఇట్టే గుర్తుపట్టింది. పంచె ఏదని అడిగితే గోడవైపు చూపించాను.

నేను పక్కగదిలోకి వెళ్ళి ఎండీగారికి ఫోన్ చేశాను. ఆయన ఎంతో శాంతంగా మాట్లాడారు. జాతీయ నిరాడంబర విక్రయశాల పురస్కారం పరిశీలనకి మన షోరూము ఎంపికయిందని, ఆదివారం ఉదయం ఢిల్లీ నుంచి న్యాయనిర్ణేతలు వస్తున్నారని, అంతవరకు ఆ చీర కదలరాదని చెప్పారు. ఆదివారం సాయంత్రమే పెళ్ళి సార్ అన్నాను.

"నాగభూషణంగారూ, అమ్మితే అది సరుకు. అమ్మకపోతే అది సంస్కృతి. సంస్కృతిని ఒక కుటుంబానికి ధారపోసే అధికారం నాకు లేదు" అన్నారు.

ఆ మాట ఆవిడకి యథాతథంగా చెప్పలేకపోయాను. పైవాళ్ళు ఒప్పుకోవడం లేదని మాత్రం చెప్పాను. వేరే ఏ కొట్లోనైనా మధుపర్కాలు దొరుకుతాయని వీర్రాజు సలహా ఇవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానుకున్నాడు. ఆవిడ ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. కూర్చోవడానికేమీ లేదు గనక కాసేపు నేల మీదే కూర్చుని, ఆదివారం ఎన్నింటికి తలుపులు తీస్తారో కనుక్కుని వెళ్ళిపోయింది. మాటిచ్చి తప్పినందుకు నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆదివారం ఎండీగారు తెల్లవారకముందే వచ్చేశారు. నేల మీద దుమ్ముకణం లేకుండా తుడిపించి, చీర కడ్డీకి మధ్యగా ఉందో లేదో పదేపదే చూసుకున్నారు. ఢిల్లీవాళ్ళు హోటలు నుంచి బయల్దేరారని ఫోనొచ్చింది. ఆయన చొక్కా సర్దుకుంటుండగా గుమ్మంలోకి మంగతాయారుగారు వచ్చింది. వెంట తోడికోడలు. ఇద్దరి చేతుల్లో ఇత్తడి పళ్ళేలు, వాటిలో పసుపు గిన్నె, కుంకుమ భరిణె, తాంబూలం.

ఎండీగారు అడ్డంగా నిలబడి అపాయింట్‌మెంట్ ఉందా అని అడిగారు.

"ఉందండి. నిశ్చయ తాంబూలాల నాడే చెప్పానండి ఈయనకి" అని నన్ను చూపించి, ఆవిడ ఆయన పక్కనుంచి లోపలికి నడిచింది.

ఆ తర్వాత జరిగింది రెప్పపాటులో జరిగింది. ఆవిడ గిన్నెలో వేలు ముంచి, చీర కొసకి పసుపు పెట్టింది. ఇంకో కొసకి కూడా పెట్టి దణ్ణం పెట్టుకుంది. మా వైపు కొత్తబట్ట కట్టుకునే ముందు పసుపు పెట్టడం ఆనవాయితీ. పసుపు పెట్టిన బట్ట ఇక వాళ్ళదే. దాన్ని ఏ కొట్టువాడూ మళ్ళీ బీరువాలో పెట్టడు, ఇంకెవరూ కొనరు. రిజిస్ట్రారు ఆఫీసులో వేసే ముద్ర కూడా అంత గట్టిది కాదు.

ఎండీగారు ఆ పసుపు వంక చూశారు. ఆ తెల్లటి హాలంతటిలో ఆ రెండు మచ్చలే కనిపిస్తున్నాయి. నేను ఆయన పక్కకి చేరి, ఆయన పంపిన సర్క్యులర్లలో ఒకటి ఆయనకే వినయంగా అప్పజెప్పాను.

"ప్రదర్శనా స్థలమునందు వర్ణదోషము కలిగిన వస్తువును తక్షణము తొలగించవలెను. జాప్యమునకు మేనేజరే బాధ్యుడు అని ఉంది సార్. నాది చిన్న ఉద్యోగం. తొలగించమంటారా?"

"తొలగించండి" అన్నారు, కళ్ళు చీర మీదే ఉన్నాయి.

"విక్రయ పద్ధతిలోనా సార్, విసర్జన పద్ధతిలోనా?"

"ఏదో ఒకటి చెయ్యండి. కారు మలుపు తిరిగింది."

వీర్రాజు అప్పటికే చీర దింపి మడత పెడుతున్నాడు. చాలాకాలం తర్వాత వాడి చేతుల్లో బట్ట ఆడింది. మంగతాయారుగారు ఎవరినీ అడగకుండా గోడ దగ్గరకి వెళ్ళి సిలిండరుకి చుట్టిన పంచె విప్పుకుని, దాని కొసకీ పసుపు పెట్టింది. నేను బిల్లు రాశాను. ఆ షోరూములో ఒక బట్ట మళ్ళీ చేతులు మారడం చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిడ వెళ్తూ వెళ్తూ ఎండీగారికి కూడా తాంబూలం ఇచ్చి, సాయంత్రం తప్పకుండా రావాలండి అని పిలిచింది. ఆయన అలవాటు చొప్పున తల ఊపారు.

వాళ్ళ ఆటో కదలడం, ఢిల్లీవాళ్ళ కారు ఆగడం ఒక్కసారే జరిగాయి. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి దిగి లోపలికి వచ్చారు. అంత పెద్ద హాలులో వాళ్ళకి కనిపించింది ఖాళీ కడ్డీ, తెల్లగోడ మీద ఎర్ర సిలిండరు. ఇద్దరూ దాని ముందు ఆగిపోయారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడ, బట్టల దుకాణంలో బట్ట అనేదే లేకుండా చేసి, దాహమనే ఒక్క ఎర్రని భావాన్ని మిగల్చడానికి ఎంత గుండె కావాలి అన్నారు. ఎండీగారు నా వైపు ఒకసారి చూసి, ఇది ఎన్నో నెలల తపస్సని చెప్పారు. పురస్కారం అక్కడికక్కడే ఖాయమైపోయింది.

అంతటితో అయిపోయుంటే బాగుండేది. ఢిల్లీ ఆయన ఆ ఎర్ర వస్తువు ధర ఎంతని అడిగారు. షోరూములో ధర అడిగినవాళ్ళని చూసి ఎన్నాళ్ళయిందో. ఎండీగారు జేబులోంచి పెన్ను తీశారు. చిన్న కాగితం మీద ఏదో రాసి, మడిచి అందించారు. ఆయన విప్పి చూసి, మళ్ళీ మడిచి, కళ్ళు మూసుకున్నారు. సిలిండరు కారెక్కింది.

నేను ఆ సాయంత్రం పెద్దాపురం వెళ్ళాను. పీటల మీద పెళ్ళికూతురు ఆ చీర కట్టుకుని కూర్చుంది. కొంగు కొసన పసుపు మచ్చ కనబడుతోంది. సూర్యచంద్రం పక్కనే నిలబడి, అక్షింతలు వేసినప్పుడల్లా వంగి, అంచు పీట కింద నలగకుండా లాగుతున్నాడు. సంఘం, సంస్థ, లారీ, కడ్డీ అన్నీ దాటి, చేతికిచ్చినట్టే ఇచ్చాడు మేనకోడలికి. నాకు ఆ పూట అన్నం బాగా సహించింది.

వారం తిరక్కుండా అగ్నిమాపక శాఖవారు ఉత్తరాల సంగతి తేల్చడానికి స్వయంగా వచ్చారు. గోడ మీద సిలిండరు లేదు. ఏమైందని అడిగితే, అమ్మేశామని నిజం చెప్పాను. మంటలార్పే సాధనం అమ్ముకున్న సంస్థని తమ శాఖ చరిత్రలో చూడలేదని చెప్పి, తలుపులకి సీలు వేసి వెళ్ళారు. ఎండీగారు పురస్కారంతో సహా పౌరసరఫరాల శాఖకి బదిలీ అయ్యారు. అక్కడ కొన్ని గోడౌన్లు ముందునుంచే ఖాళీగా ఉండటంతో ఆయన చేయవలసింది పెద్దగా ఏమీ లేదని విన్నాను.

హెడ్డాఫీసు గోడౌనులో మా సరుకు చోటు ఆక్రమిస్తోందని ఆడిట్‌వారు అభ్యంతరం పెట్టారు. అదే లారీ దాన్ని తిరిగి తెచ్చింది. లోపల పెట్టడానికి సీలుంది, వెనక్కి తీసుకెళ్ళడానికి డ్రైవరు ఒప్పుకోలేదు. చీరలన్నీ అరుగు మీద దింపించాం. వీర్రాజు ఇంటికెళ్ళి, రిక్షాలో పరుపు వేసుకొచ్చాడు. తెల్లదుప్పటి పరుస్తుంటే వాడి చేతులు తొందరపడుతున్నాయి.

ముందుగా వచ్చింది మంగతాయారుగారే. పెళ్ళికొచ్చిన చుట్టాలకి పెట్టుబడి చీరలు కొనాలట. వెంట తోడికోడలు, ఆడబిడ్డలు, కొత్త పెళ్ళికూతురు. చిలకపచ్చ, రాణీరంగు, ఆవపువ్వు పసుపు, అన్ని రంగులూ అరుగు నిండిపోయాయి. వీర్రాజు నా వంక ఒకసారి చూశాడు. కానివ్వమన్నాను. వాడు నీలం నేత చీర ఒకటి తీసి కొంగు పట్టుకుని విసిరాడు. అది విచ్చుకుని వెళ్ళి ఆవిడ మోకాళ్ళ దగ్గర ఆగింది.

మంగతాయారుగారు అంచు నలిపి చూసింది. కూతురి ముఖం చూసింది.

"బాగానే ఉందండి" అంది. "ఇంకోటి చూపించండి."